ప్లేటో గ్రీకు మూలం ఎడమ పేజీలో, తెలుగు కుడి పేజీలో: దేంట్లో కంపోజ్ చేయాలి?

బెజవాడ_అనువాదం:

అందరికీ నమస్కారం. ప్లేటో 'అపాలజీ'ని, అంటే ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీస్ తన మీద వచ్చిన నేరారోపణలకు చెప్పిన జవాబుని, ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా గ్రీకు నుంచి తెలుగు చేశాను. పుస్తకం తెరిస్తే ఎడమవైపు గ్రీకు, కుడివైపు తెలుగు కనబడాలని నా కోరిక. లోబ్ క్లాసికల్ లైబ్రరీ వాళ్ళు వందేళ్ళకు పైగా గ్రీకు, ఇంగ్లీషు ఇలాగే వేస్తున్నారు. మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో మన పెద్దన మనుచరిత్రను తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురుగా వేసింది. మరి గ్రీకు, తెలుగు పక్కపక్కన ఎందుకు రాకూడదు?

ఇక సమస్య. మా ఊళ్ళో ఒక ప్రెస్సుకి వెళితే తెలుగు మేటరంతా పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్లో అను అనే తెలుగు ఫాంట్లతో కొడతామన్నారు, సరే అన్నాను. గ్రీకు అందులో పేస్ట్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చాయి. సరేలే అని ఇంట్లో వర్డ్‌లో ప్రయత్నిస్తే గ్రీకు అయితే వస్తోంది గానీ చూడ్డానికి అతుకులబొంతలా ఉంది: ఒకే పదంలో మామూలు అక్షరాలు ఒక రకంగా, గుర్తులున్న అక్షరాలు కాస్త సన్నగా, వేరే వాలుతో కనిపిస్తున్నాయి. పైగా ఒకే 'ఆల్ఫా మీద అక్యూట్' (అక్షరం మీద చిన్న గీతలాంటి స్వరం గుర్తు) రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. గ్రీకు తెలియనివాళ్ళకి తేడా తెలియకపోవచ్చు, కానీ తెలుగులో మొదటిసారి మూలంతో కలిపి వేస్తున్నప్పుడు అది తప్పుల్లేకుండా ఉండాలి కదా.

నా ప్రశ్నలు: ఏ ఫాంట్ వాడాలి? ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాలి? రెండు పేజీలూ వాటంతట అవే ఒకదానికొకటి సరిపడేలా సర్దుకునే మార్గం ఏదైనా ఉందా, లేక ప్రతి పేజీ చేత్తో సర్దుకోవాల్సిందేనా?

ఫాంట్ల_పిచ్చి:

చాలా మంచి పని చేస్తున్నారండీ. మీ అతుకులబొంతకి కారణం మీ టైపింగ్ కాదు, ఫాంట్. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో కోడు ఇచ్చే ప్రమాణంలో, గ్రీకు రెండు చోట్ల ఉంది. ఒకటి మామూలు గ్రీకు బ్లాకు, ఇందులో అక్షరాలు, ఇప్పటి గ్రీకువాళ్ళు వాడే ఒకే ఒక్క స్వరచిహ్నం ఉన్నాయి. గ్రీస్ ప్రభుత్వం 1982లో పాత గుర్తులన్నీ తీసేసి ఒక్కదాన్నే ఉంచింది కాబట్టి నేటి గ్రీకుకి ఇది సరిపోతుంది. రెండోది గ్రీక్ ఎక్స్‌టెండెడ్ బ్లాకు, 233 అక్షరాలు, ప్లేటోకి, హోమర్‌కి కావలసిన గుర్తులన్నీ ఇక్కడ ఉన్నాయి. మీరు ఎంచుకున్న ఫాంట్లో మొదటి బ్లాకు ఉండి రెండోది లేకపోతే వర్డ్ మీకు చెప్పకుండానే ఆ అక్షరాలకి ఇంకో ఫాంట్ తెచ్చి పెడుతుంది. అందుకే ఒకే పదంలో రెండు ముఖాలు.

కాబట్టి మొదటి పరీక్ష ఇది: ఒమేగా మీద రఫ్ బ్రీతింగ్ (మొదట్లో 'హ' శబ్దం ఉందని చెప్పే గుర్తు, లేదని చెప్పేది స్మూత్), దాని మీద సర్కమ్‌ఫ్లెక్స్ అనే స్వరం గుర్తు, కింద ఐయోటా, ఈ మూడూ ఉన్న అక్షరాన్ని కొట్టి చూడండి (గ్రీకులో ఈ ఒక్క అక్షరమే ఒక పూర్తి పదం, మీకు తెలిసిందే). అది చక్కగా, గుర్తులు ఒకదానికొకటి తగలకుండా, పక్క అక్షరాలతో ఒకే మందంలో వస్తే ఆ ఫాంట్ మీ పనికి వస్తుంది.

రెండు రకాల అక్యూట్ సంగతి. యూనికోడ్‌లో 'ఆల్ఫా టోనోస్' ఒకటి మొదటి బ్లాకులో, 'ఆల్ఫా ఆక్సియా' ఇంకోటి రెండో బ్లాకులో ఉన్నాయి. ఇవి రెండూ ఒకటే అని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది, కానీ కొన్ని ఫాంట్లు టోనోస్‌ని దాదాపు నిటారుగా, ఆక్సియాని వాలుగా గీశాయి. మీ పాఠంలో కొంత ఒక చోట నుంచి, కొంత ఇంకో చోట నుంచి తెచ్చుకుని ఉంటే రెండూ కలిసిపోయి ఉంటాయి. కంటికే కాదు, వెతుకులాటకి కూడా ఇది పెద్ద బెడద, ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. పాఠం మొత్తాన్ని ఒకసారి ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి జంట కోడ్లను ఒక్కటిగా చేసే యూనికోడ్ రూపానికి) నార్మలైజ్ చేయండి, బేబెల్‌ప్యాడ్ లాంటి ఎడిటర్‌లో ఒక్క మెనూతో అయిపోతుంది, అప్పుడు అన్నీ టోనోస్ అవుతాయి. ఆ తర్వాత టోనోస్‌ని కూడా వాలుగానే గీసిన ఫాంట్ తీసుకోండి. ఫాంట్ ఎంచుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ఇక ఫాంట్లు. ఏథెన్స్‌లోని గ్రీక్ ఫాంట్ సొసైటీ (జీఎఫ్ఎస్) వాళ్ళవి ఉచితం, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. జీఎఫ్ఎస్ డీడో గ్రీస్‌లో చాలాకాలం ఎక్కువ పుస్తకాలు అచ్చయిన ముఖానికి దగ్గరగా ఉంటుంది, గుండ్రంగా, చదవడానికి హాయిగా. జీఎఫ్ఎస్ పోర్సన్ అయితే కేంబ్రిడ్జ్ పండితుడు రిచర్డ్ పోర్సన్ చేతిరాతను చూసి చెక్కిన అచ్చు నుంచి వచ్చింది. ఆయన 1808లో పోయాక ఆ అచ్చుతో పుస్తకాలు రావడం మొదలైంది, ఆక్స్‌ఫర్డ్ గ్రీకు పాఠాలు చదివినవాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది: చిన్నక్షరాలు కొద్దిగా వాలి, పెద్దక్షరాలు నిటారుగా. జీఎఫ్ఎస్ నియోహెలెనిక్ 1927 నాటి న్యూ హెలెనిక్ ఆధారంగా చేసింది, గీతలన్నీ ఒకే మందం, దానికి మూలం 1492 వెనిస్ అచ్చు. ఛందస్సు గుర్తులు, శాసనాల గుర్తులు కావాలంటే న్యూ అథీనా యూనికోడ్. గ్రీకుతో పాటు లాటిన్ కూడా ఒకే కుటుంబంలో కావాలంటే జెంటియం ప్లస్.

తెలుగు పక్కన ఏది నప్పుతుందని అడిగితే నా ఓటు డీడోకే. పోర్సన్ అందంగా ఉంటుంది గానీ ఆ వాలు, మన గుండ్రటి అక్షరాలు పక్కపక్క పేజీల్లో చూస్తే కన్ను ఒకవైపే లాగుతుంది. తెలుగుకి టీరో తెలుగు ఒకసారి చూడండి. మీరు చెప్పిన మూర్తి లైబ్రరీ కోసం చేయించిన తెలుగు ఫాంట్ నుంచి వచ్చిందే అది. ఎస్‌బీఎల్ గ్రీక్ అనే ఇంకో గ్రీకు ఫాంట్ చేసినదీ టీరో తెలుగు చేసిన టీరో టైప్‌వర్క్స్ సంస్థే.

అచ్చుపని:

నేను డీటీపీ వైపు నుంచి చెప్తాను. మీ ప్రెస్సువాళ్ళ తప్పేమీ లేదు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. అను ఫాంట్లలో 'క' అని కనిపించేది నిజానికి ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చున్న బొమ్మ. గ్రీకువాళ్ళు కూడా మొన్నమొన్నటి దాకా అదే బాధ పడ్డారు, విన్‌గ్రీక్ అని, ఎస్‌పీ అయోనిక్ అని ఫాంటుకో కోడింగ్. ఒకరి ఫైలు ఇంకొకరి కంప్యూటర్లో తెరిస్తే చెత్త కనబడేది. కాబట్టి అను మేటర్, యూనికోడ్ గ్రీకు ఒకే ఫైల్లో కలపాలన్న ఆలోచన మానేయండి. మీ తెలుగు ఇప్పటికే యూనికోడ్‌లో ఉంటే అదృష్టం, లేకపోతే కన్వర్టర్‌తో మార్చి ప్రూఫు మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. పొల్లులు, అరసున్నలు, 'క్ష', 'ర' వత్తు ఉన్నచోట్ల కన్వర్టర్లు తరచూ తడబడతాయి.

సాఫ్ట్‌వేర్ అంటే నా మాట ఇన్‌డిజైన్. వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే తెలుగు వత్తులు సరిగ్గా వస్తాయి, గ్రీకు ఎలాగూ వస్తుంది. ఎడమ పేజీలకి ఒక టెక్స్ట్ ఫ్రేమ్ గొలుసు, కుడి పేజీలకి ఇంకో గొలుసు. ఎదురెదురు సరిపోవడం మాత్రం చేత్తో చూసుకోవాల్సిందే, పేరా పేరాకి ఫ్రేమ్ బ్రేక్ ఇవ్వాలి. 'అపాలజీ' చిన్నదే కాబట్టి చేయదగ్గ పనే. ప్రెస్సుకి ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి చాలు, వాళ్ళకి గ్రీకు ఫాంట్ అక్కర్లేదు, పేజ్‌మేకర్ అక్కర్లేదు.

టెక్_మాస్టారు:

అచ్చుపని గారు చెప్పినట్టు చేతితో సర్దడం ఒకసారికైతే బాగానే ఉంటుంది. కానీ అనువాదం కదా, చివరి ప్రూఫులో కూడా వాక్యాలు మారతాయి. పదో పేజీలో ఒక లైను పెరిగితే ఆ తర్వాత అన్ని పేజీలూ మళ్ళీ సర్దాలి. ఈ పనికి టెక్ (TeX, కోడు రాసి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) కుటుంబాన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇలాంటి పుస్తకాలకి కావలసిన పరికరాల్ని అందులో పండితులే తమ అవసరం కోసం కట్టుకుంటూ వచ్చారు. మూలం కింద పాఠభేదాలు (వేర్వేరు ప్రతుల్లో పాఠం మారిన చోట్లు) వేయడానికి ఎడ్‌మ్యాక్ అనే మాక్రోలు మొదట రాసిన ఇద్దరిలో ఒకరు, డొమినిక్ వుజాస్టిక్, సంస్కృతం మనిషి. అదే తర్వాత లెడ్‌మ్యాక్, ఇప్పుడు రెలెడ్‌మ్యాక్ అయింది. దానికి తోడుగా వచ్చే రెలెడ్‌పార్ ప్యాకేజీ సరిగ్గా మీరు అడిగిన పనే చేస్తుంది: ఎడమ పేజీ పాఠం, కుడి పేజీ పాఠం విడివిడిగా రాసి, రెండిట్లోనూ ఒక్కో ముక్కకి మొదలు, చివర గుర్తు పెడితే, మొదటి ముక్క మొదటి ముక్కకి ఎదురుగా, రెండోది రెండోదానికి ఎదురుగా అదే కూర్చోబెడుతుంది. పొట్టిగా ఉన్నవైపు ఖాళీ వదులుతుంది. రెండువైపులా ముక్కల సంఖ్య ఒకటే ఉండాలి, ఒక్కటి తగ్గినా ఎర్రర్ ఇస్తుంది.

ఇక్కడ ఒక సలహా. ముక్కల్ని స్టెఫానస్ అంకెల ప్రకారం విడగొట్టకండి. 17ఎ నుంచి 42ఎ దాకా ఉన్న ఆ అంకెలు 1578లో ఆంరీ ఎస్తియెన్ వేసిన ముద్రణ పేజీలవి, పేజీలో భాగాలవి, వాక్యం మధ్యలో కూడా పడతాయి. తెలుగులో క్రియ చివరికి పోతుంది కదా, గ్రీకు వాక్యం మధ్యలో తెగిన చోట మన వాక్యాన్ని తెంపలేం. అర్థాన్ని బట్టి పేరాలుగా విడగొట్టి, స్టెఫానస్ అంకెల్ని రెండువైపులా మార్జిన్లో పెట్టండి. ప్లేటోని ఎవరు ఉదహరించినా ఆ అంకెలతోనే చెబుతారు కాబట్టి అవి లేని పుస్తకం విద్యార్థికి పనికిరాదు.

ఇంజన్, అంటే ఆ కోడుని పేజీలుగా మార్చే ప్రోగ్రామ్, విషయానికి వస్తే జీలేటెక్ సులువు, తెలుగు ఫాంటుకి స్క్రిప్ట్ 'తెలుగు' అని చెబితే వత్తులు సరిగ్గా వస్తాయి. లువాలేటెక్ అనే ఇంకో ఇంజన్ అయితే దానితో పాటు తెలుగు ఫాంటుకి రెండరర్ (అక్షరాల్ని, వత్తుల్ని కలిపి కూర్చే భాగం) హార్ఫ్‌బజ్ అని కూడా చెప్పాలి, మర్చిపోతే వత్తులు విడిపోయి కనిపించవచ్చు. భాషల సెట్టింగులు చూసే పాలిగ్లాసియా ప్యాకేజీలో గ్రీకు భాషకి వేరియంట్ 'ఏన్షెంట్' అని తప్పకుండా ఇవ్వండి. లైను చివర పదం విరవడానికి ప్రాచీన గ్రీకుకి, నేటి గ్రీకుకి వేర్వేరు నియమాల పట్టికలున్నాయి, చెప్పకపోతే నేటి గ్రీకు పద్ధతిలో విరుస్తుంది. ప్రాచీన గ్రీకులో సమాసాన్ని అవయవాల దగ్గర విరవాలి, గ్రీకు తెలిసినవాడికి ఆ తప్పు మొదటి పేజీలోనే కనిపిస్తుంది.

లైన్ల మధ్య దూరం జాగ్రత్త. గ్రీకు పైకి పెరుగుతుంది, తెలుగు కిందికి దిగుతుంది. 'రాష్ట్రం'లో ట వత్తు, ర వత్తు కింది లైను గుడిదీర్ఘాన్ని తగిలిందంటే టెక్ ఆ ఒక్క చోట దూరం పెంచేస్తుంది, పేజీ కింద అంచు ఎదురు పేజీతో కలవదు. ముందు తెలుగుకి చాలినంత దూరం తేల్చుకుని, అదే గ్రీకుకీ పెట్టండి. గ్రీకు కాస్త పల్చగా కనిపిస్తే ఫాంట్ సైజు కొంచెం పెంచండి, దూరం మాత్రం ముట్టుకోకండి.

వియన్నాలో స్టెఫాన్ హాగెల్ చేసిన క్లాసికల్ టెక్స్ట్ ఎడిటర్ కూడా ఉంది, కోడు రాయడం ఇష్టం లేని పండితులు చాలామంది అదే వాడతారు. కొనాలి. అయిదారు రాతప్రతుల పాఠభేదాలతో పరిష్కరణ చేసేవాళ్ళకి డబ్బు దండగ కాదు, మీ పనికి అంత అవసరం లేదు.

బెజవాడ_అనువాదం:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. నార్మలైజ్ చేసి డీడో పెట్టగానే ఆ అతుకులు పోయాయి! జీలేటెక్ నేర్చుకోవాలనే నిర్ణయించుకున్నాను. ఇంకో టెన్షన్ మిగిలింది. గ్రీకు వైపు ప్రూఫు నేనొక్కణ్ణే చూడాలి, రాసినవాడి కన్ను తప్పుల్ని దాటేస్తుంది. ఒక మిత్రుడు తెలుగు ప్రూఫు బాగా చూస్తాడు, ఆయనకి గ్రీకు అక్షరాలు వచ్చు గానీ భాష రాదు. ఆయనతో ఏమైనా చూపించుకోవచ్చా? అలాగే కింద పాఠభేదాలు ఇవ్వాలా వద్దా?

గ్రీకుబడి:

తప్పకుండా చూపించుకోవచ్చు. గ్రీకు గుర్తుల్లో చాలావాటికి అర్థంతో పనిలేని నియమాలు ఉన్నాయి, వాటితోనే సగానికి పైగా తప్పులు పట్టేయవచ్చు. మీ పుస్తకం మొదటి వాక్యంతోనే మీ మిత్రుడికి నేర్పండి, అందులో దాదాపు అన్నీ ఉన్నాయి: 'హోతి మెన్ హ్యుమేస్, ఓ ఆంద్రెస్ అథేనాయోయ్...'

అచ్చుతో మొదలయ్యే ప్రతి పదానికీ రఫ్ గానీ స్మూత్ గానీ ఒక బ్రీతింగ్ ఉండి తీరాలి. లేదంటే తప్పే. ఉప్సిలాన్‌తో మొదలైతే అది రఫ్పే, 'హ్యుమేస్' చూడండి. పదం మొదట్లో రో వచ్చినా రఫ్పే. రెండచ్చులు కలిసి మొదలైతే గుర్తు రెండో అచ్చు మీద పడుతుంది: అదే వాక్యంలో ముందుకు వెళితే 'ఊక్', 'ఓయ్‌ద', 'ఊన్', 'ఔతోస్', 'హూతో' అన్నిట్లోనూ బ్రీతింగ్ రెండో అక్షరం మీదే ఉంటుంది. మొదటిదాని మీద కనిపిస్తే చుట్టేయమనండి. పెద్దక్షరానికి గుర్తు నెత్తిన కాదు, ఎడమ పక్కన ముందు ఉంటుంది, 'అథేనాయోయ్' ఆల్ఫా అందుకు ఉదాహరణ.

గ్రేవ్ (అక్యూట్‌కి ఎదురు వైపు వాలిన స్వరం గుర్తు) పదం చివరి అచ్చు మీద తప్ప ఇంకెక్కడా రాదు, 'మెన్', 'ఎగో', 'కై' లాగా. దాని వెంటనే కామా గానీ ఫుల్‌స్టాప్ గానీ ఉంటే అనుమానించాలి, అక్కడ మామూలుగా అక్యూట్ ఉండాలి. సిగ్మా తోకతో ఉన్నది పదం చివరే రావాలి, మధ్యలో కనిపిస్తే రెండు పదాలు కలిసిపోయాయన్నమాట. ఒక పదానికి మామూలుగా ఒక్క స్వరమే, రెండు కనిపిస్తే పక్కన చిన్న పదం ఆనుకుని ఉందేమో చూసి మీకు చూపించాలి. 'ఊక్' లాంటి కొన్నిటికి స్వరమే ఉండదు, అది తప్పు కాదు.

విరామ చిహ్నాల్లో రెండు మనవాళ్ళని తికమక పెడతాయి. గ్రీకు ప్రశ్నార్థకం చూడ్డానికి అచ్చం మన సెమికోలన్. 'ఓయ్‌ద' తర్వాత వచ్చే పైచుక్క లైను మధ్య ఎత్తులో ఉంటుంది, సెమికోలన్ పని చేస్తుంది. దాన్ని 'ఫుల్‌స్టాప్ పైకి పోయింది' అని దిద్దేస్తారు, ముందే చెప్పండి. అచ్చు లోపించినచోట పెట్టే గుర్తు ఇంకోటి, ఇదే వాక్యంలో 'ద్', 'హ్యుప్' తర్వాత రెండుసార్లు వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో దీనికి రకరకాల కోడ్లు వాడి ఉంటారు: కొందరు మామూలు అపాస్ట్రఫీ, కొందరు కొరోనిస్ అనే వేరే అక్షరం. ఒక్కటి ఎంచుకుని అంతటా అదే ఉండేలా ఫైండ్ అండ్ రీప్లేస్ చేసేయండి. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ దీన్ని సరిచేయదు.

ఈ గుర్తులేవీ ప్లేటో పెట్టినవి కావు, తర్వాతి అలెగ్జాండ్రియా పండితులు పెట్టారని సంప్రదాయం. కానీ వీటిలో స్వరం గుర్తులు గొంతు స్థాయి తేడాని చూపిస్తాయి, మన వేదపాఠంలో ఉదాత్త, అనుదాత్తాల్లాంటివే, అందుకని నేను విద్యార్థులకి గుర్తులు అలంకారం అనుకోవద్దని గట్టిగా చెబుతాను. ఒక్క బ్రీతింగ్ మారితే వేరే పదం అవుతుంది.

పాఠభేదాలు పూర్తిగా వద్దు. అది పరిష్కర్తల పని, మీరు ప్లేటో పరిష్కర్త జాన్ బర్నెట్ పాఠాన్ని అనుసరిస్తుంటే ఆ మాట ముందుమాటలో చెప్పండి. మీ తెలుగు అర్థం ఒక పాఠభేదం మీద ఆధారపడిన చోట మాత్రం కింద ఒక చిన్న నోటు ఇవ్వండి. క్రీ.శ. 895లో రాసిన, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతిలో ఒకటి ఉండి బర్నెట్ ఇంకోటి తీసుకుంటే, మీరు ఎటువైపు ఉన్నారో తెలుగు పాఠకుడికి తెలియాలి. రెలెడ్‌మ్యాక్‌లో అలాంటి నోటు లైను నంబరుతో సహా అదే పెడుతుంది, పేజీ మారినా నంబరు తనే మార్చుకుంటుంది. రెండుమూడు సార్లు రన్ చేస్తేనే నంబర్లు కుదురుకుంటాయి, మొదటి రన్ చూసి కంగారుపడకండి.

అచ్చుపని:

గ్రీకుబడి గారు చెప్పిన ప్రూఫు నియమాలు మా ఆపరేటర్ల కోసం ప్రింటు తీసి పెట్టుకున్నాను. బెజవాడ_అనువాదం గారూ, మీ గ్రీకు పాఠం ఎక్కడిది? అచ్చువేసే హక్కు సంగతి చూసుకున్నారా?

బెజవాడ_అనువాదం:

పెర్సియస్ డిజిటల్ లైబ్రరీదండీ, బర్నెట్ పాఠమే. ఆయన 1928లో పోయారు కాబట్టి పాఠానికి ఇబ్బంది లేదు. పెర్సియస్ ఫైలుకి క్రియేటివ్ కామన్స్ షేర్‌అలైక్ లైసెన్సు (మార్చి పంచినా అదే లైసెన్సుతో పంచాలనేది) ఉంది.

టెక్_మాస్టారు:

అయితే వాళ్ళ పేరు, లైసెన్సు పేరు కాపీరైట్ పేజీలో వేయండి. మీరు నార్మలైజ్ చేసి, లోపచిహ్నాలు సరిచేసిన గ్రీకు ఫైలుని కూడా అదే లైసెన్సుతో బయటపెడితే ఇంకొకరు ప్లేటోదే 'క్రీటో' చేసేటప్పుడు మీ పద్ధతి పనికొస్తుంది. మొదటి రెండు పేజీలు కంపోజ్ చేశాక పీడీఎఫ్ ఇక్కడ పెట్టండి, లైన్ల దూరం చూసి చెబుతాను.